కోడ్ ఎవరి పేరున ఉంది?

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. దేవీ నవరాత్రులు మొదలైందీ ఆ రోజే. దసరాకు పెట్టింది పేరైన ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లకు అది ఊపిరి సలపని సీజన్. రెడీమేడ్ దుస్తులపై 5 శాతం పన్ను అంతకుముందు వెయ్యి రూపాయల ధర వరకే ఉండేది. దాన్ని 2,500 దాకా పెంచి, ఆపైన 18 శాతం పెట్టారు. వినడానికి తేలికే. కానీ 2,600 రూపాయల డ్రెస్సుకు బిల్లులోనే పది శాతం డిస్కౌంట్ ఇస్తే ధర 2,340కి దిగుతుంది, దాంతోపాటే పన్ను కూడా 5 శాతానికి దిగాలి. ఆ సంగతి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎవరో ఒకరు నేర్పాలి. టాలీ, జోహో లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు వాడేవారికి ఆ బాధ్యత కంపెనీదే. సొంతంగా రాయించుకున్న వ్యాపారి మాత్రం రాసిన కుర్రాడికి ఫోన్ చేయాలి. అతను ఎప్పుడో బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటే బయట జనం, లోపల టెన్షన్.

పద్దులు, పన్నుల వరకూ సొంత సాఫ్ట్‌వేర్ చేయించుకోవడం డబ్బు పారబోసుకోవడమేనని మా అభిప్రాయం. 2017లో జీఎస్టీ వచ్చింది, 2018లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం), 2023 ఆగస్టు నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన వారికి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు). నిబంధన మారినప్పుడల్లా ప్రోగ్రామూ మారాలి. వేలాది కస్టమర్లున్న కంపెనీకి ఆ ఖర్చు ఒక లెక్కలోది కాదు. ఒక్కడే మోయాల్సిన వ్యాపారికి తడిసి మోపెడవుతుంది.

అలాగని అందరి పనీ ప్యాకేజీతో జరిగిపోదు. అనంతపురంలో చీనీ కాయల మండీ పద్ధతే చూడండి. రైతుకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, లాటు లాటుకూ తూకం, సూటు (తరుగు పేరుతో తూకంలో కోసేది), హమాలీ, కాటా కూలి, కమీషన్ అన్నీ పోను చేతికి ఎంత వస్తుందో ఒక్క తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) మీద తేలాలి. మామూలు ప్యాకేజీకి తెలిసింది కొనుగోలు బిల్లు మాత్రమే. అందుకే పగలు చేత్తో పట్టీ రాసి, రాత్రి అదే లెక్కను కంప్యూటర్‌లో మళ్లీ కొట్టుకునే గుమాస్తాలు ఇంకా ఉన్నారు. బేతంచెర్ల బండలదీ ఇదే గోల. ఏ బండ పొడవు, వెడల్పు దానివే. మూల విరిగితే ఆ మేరకు తీసేసి, చదరపు అడుగుల్లో బిల్లు వేయాలి. స్టాకు మాత్రం బండల సంఖ్యలో చూసుకోవాలి. ప్యాకేజీలో పరిమాణానికి ఉన్నది ఒకే గడి. ఇలాంటి చోట ఆ ఒక్క పనికీ విడిగా రాయించుకుని, రోజు మొత్తాన్ని టాలీలోకి పంపుకోవడం దుబారా కాదు. టాలీలోనే టీడీఎల్‌తో (టాలీ సొంత ప్రోగ్రామింగ్ భాష) అదనపు స్క్రీన్ పెట్టించుకునే వీలు కూడా ఉంది.

అయితే తమ వ్యాపారం అందరిలాంటిది కాదని వ్యాపారులు ముందే తీర్మానించుకోకూడదు. తరుగు, మజూరీ, పాత బంగారం మార్పిడి, హెచ్‌యూఐడీ (నగకు వేసే హాల్‌మార్క్ గుర్తింపు) నంబర్లు చూసుకునే ప్యాకేజీలు నగల అంగళ్ల కోసం ఎప్పటి నుంచో అమ్ముతున్నారు. మనకే ప్రత్యేకం అనుకున్న పద్ధతి చాలాసార్లు పక్క అంగడిలోనూ ఉంటుంది.

రాయించుకునేవారిలో చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. బేల్దారికి కూలి ఇస్తే గోడ మనదవుతుంది. సాఫ్ట్‌వేర్ అలా కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం లెక్కన కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఒక సాహిత్య రచనే. జీతానికి పెట్టుకున్న ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానిది. బయటివారికి కాంట్రాక్ట్ ఇస్తే, వాళ్లు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప హక్కు రాసినవారిదే. పైగా ఆ కాగితంలో గడువు పేర్కొనకపోతే బదిలీ ఐదేళ్లకే చెల్లుతుంది. లక్షలు పోసి రాయించుకుని, సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు ప్రతి) కాపీ కూడా అడగని వ్యాపారి ఆ ప్రోగ్రామర్ చెప్పిన రేటుకు తల ఊపడం మినహా చేయగలిగింది లేదు.

ప్యాకేజీ కొన్నా ఓ కన్నేసి ఉంచాల్సిందే. జీఎస్టీ లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఏటా చందా కట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌ను మధ్యలో మానేస్తే పాత లెక్కలు చేతికొస్తాయా? డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దింపి చూపించమని డెమో రోజునే అడగాలి. సేల్స్‌మన్ నీళ్లు నమిలితే ఆ బేరం వద్దు.

మన ప్రాంత వర్తక సంఘాలు ఇక్కడ చేయదగ్గ పని ఒకటుంది. రెండు పేజీల నమూనా ఒప్పందాన్ని తెలుగులో తయారుచేసి సభ్యులకు ఇవ్వాలి. సోర్స్ కోడ్ అప్పగింత, కాపీరైట్ ఉన్నంతకాలం హక్కుల బదిలీ, డేటా వాపసు, రూల్స్ మారితే ఎన్ని రోజుల్లో ఎంతకు సరిచేయాలి అన్న నాలుగూ అందులో ఉంటే చాలు. ఒక లాయరు, ఒక ఆడిటరు కూర్చుంటే అయ్యే పని. ఏప్రిల్ 1న కొత్త లెక్కలు మొదలవుతాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చేవారు చాలావరకు ఆ రోజునే చూసుకుంటారు. జనవరి కల్లా కాగితం అందితే బేరమాడుకోవడానికి టైం ఉంటుంది.