తొంభై రోజుల నోటీస్ పీరియడ్ గారికి, ధన్యవాదాలతో

మహారాజశ్రీ తొంభై రోజుల నోటీస్ పీరియడ్ గారికి,

హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఒక టీమ్ లీడ్ నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మా వైపు కుశలం అంతంత మాత్రమే. రాజీనామా ఇచ్చి, వెళ్ళేదాకా తొంభై రోజులు మీ నీడలో గడిపేవాళ్ళు మాత్రం దివ్యంగా ఉన్నారు. ఆ సంగతి మీ చెవిన వేద్దామనే ఈ ఉత్తరం.

మా కంపెనీలో ఉద్యోగుల సంక్షేమానికి లోటు లేదండీ. ధ్యానం యాప్ ఉంది, సబ్‌స్క్రిప్షన్ ఫ్రీ. బుధవారం సాయంత్రం యోగా ఉంది. సరిగ్గా అదే టైముకి రిలీజ్ కాల్ కూడా ఉంది కాబట్టి, యోగా మాస్టారు ఒక్కరే శవాసనం వేసి వెళ్ళిపోతుంటారు. నాలుగో అంతస్తులో రంగురంగుల బీన్‌బ్యాగులున్నాయి. వాటిలో కూర్చుంటే డైరెక్టరు గారి అద్దాల గదిలోకి చక్కగా కనిపిస్తాం గనక అవి ఇవాళ్టికీ నలగలేదు. నెలనెలా అడుగుల పోటీ. కిందటిసారి గెలిచినాయన ఫోన్ని వాళ్ళ పాప ఉయ్యాలకి కట్టేశాడని వినికిడి. ‘పని ఒత్తిడిని జయించడం ఎలా’ అనే వెబినార్ శనివారం పొద్దున్న పెట్టారు, హాజరు తప్పనిసరి.

ఇన్ని చేసినా మాలో ఒక్కడి బీపీ దిగలేదు. పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోయే బర్న్‌అవుట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన ఐసీడీ-11 అనే రోగాల వర్గీకరణ జాబితాలోకి తీసుకుంటూ, ఇది జబ్బు కాదు, పనిచోటకి సంబంధించిన వ్యవహారం అని ప్రత్యేకంగా రాసింది. అంటే మనిషిని కాదు, పని చేయించే తీరుని చూడమని. మా వాళ్ళు చదివారు. చదివి ఇంకో యాప్ కొన్నారు.

బీపీ దింపింది మీరొక్కరే.

మా టీములో ఒకాయన ఉండేవాడు. భోజనాల వేళకి భోజనం చేయగా నేనెన్నడూ చూడలేదు. టిఫిన్ బాక్సు సాయంత్రం చాయ్ టైముకి తెరిచేవాడు, ఒక చెవిలో హెడ్‌ఫోను, ఒక చేతిలో ముద్ద. ఓ శుక్రవారం పేపర్స్ పెట్టేశాడు, అంటే రాజీనామా ఇచ్చేశాడు. సోమవారం ఒంటిగంటకల్లా క్యాంటీన్లో పెరుగన్నం కలుపుకుంటూ కనిపించాడు! ఆ వారంలోనే కిందికి దిగి చాయ్ బండి దగ్గర నిలబడి, ఎదురుగా కడుతున్న టవరుకి ఎన్ని అంతస్తులొచ్చాయో లెక్కపెట్టాడు. రెండో వారం స్టాండప్‌లో, అదే రోజువారీ టీమ్ మీటింగులో, ‘ఈ డేట్‌కి అవదు’ అన్నాడు. కాల్ అంతా నిశ్శబ్దం. మేనేజరు గొంతు సవరించుకుని ‘గుడ్ పాయింట్, డేట్ మార్పిద్దాం’ అన్నాడు. అదే ముక్క అంతకుముందు అన్నందుకే ఆయన అప్రైజల్‌లో ‘నెగెటివ్ యాటిట్యూడ్’ అని రాశారు. ఆ కాగితం నేనే చదివి వినిపించాను, లీడ్‌ని కదా.

ఇక మీరు తెచ్చిపెట్టే మర్యాదల సంగతి. మొదటి సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి కూడా అన్ని జరగవేమో. ఆర్గ్ చార్ట్‌లో తప్ప ఎక్కడా తగలని వైస్ ప్రెసిడెంటు గారు స్వయంగా ఫోన్ చేసి కాఫీకి పిలిచారు. ‘ఏమైంది? ముందే చెబితే బాగుండేది కదా, మనం మనం చూసుకునేవాళ్ళం’ అని మేనేజరు నొచ్చుకున్నాడు. ముందే చెప్పాడు పాపం. ఏటా మార్చిలో చెబుతూనే ఉన్నాడు. మార్చిలో బడ్జెట్ ఉండదు, మార్కెట్ బాలేదు, ఇంతమందికే మంచి రేటింగ్ అనే బెల్ కర్వ్ ఉంది, ‘వచ్చే సైకిల్లో తప్పకుండా’ ఉంది. పేపర్స్ పెట్టాక బెల్ కర్వ్ వంపు తీసేసి నిటారుగా నిలబడింది. రెండు రోజుల్లో కౌంటర్ ఆఫర్ వచ్చింది. అడిగినదానికన్నా ఎక్కువే! డబ్బు ఇన్నాళ్ళూ అక్కడే ఉంది, మీరొచ్చి బీరువా తాళం తీసేదాకా బయటికి రాలేదు.

ఆయన ఉండిపోలేదు. ఆ డబ్బు చూశాకే పూర్తిగా మనసు విరిగిందన్నాడు.

మీరు చేసిన ఇంకో మేలు మా హెచ్‌ఆర్ వాళ్ళకి తెలియదు. కేటీ, అంటే తన పని వివరాలు తర్వాతివాళ్ళకి అప్పగించడం, కోసం ఆయన డాక్యుమెంటు రాయాల్సొచ్చింది. అమెరికాలో ఓ హెల్త్ ఇన్సూరెన్స్ క్లయింటు తాలూకు స్క్రీను అది. ఏళ్ళ తరబడి దానిమీద టికెట్లు మూస్తున్నాడు, పీ2, పీ3 అని. ‘ఈ స్క్రీన్ ఎవరు వాడతారు’ అనే గడి నింపాల్సొచ్చి క్లయింటు వైపు ఆవిడని అడిగాడు. ఆపరేషన్‌కి ముందస్తు అనుమతి ఇచ్చేది ఇక్కడేననీ, ఇందులో స్టేటస్ మారితేగానీ చాలామందికి ఆపరేషను తేదీ ఖరారు కాదనీ ఆవిడ చెప్పింది. ఆయన మ్యూట్ తీయడం మర్చిపోయి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నాతో, ‘ఇది మొదటిరోజే చెప్పుంటే ఆ రాత్రి కాల్స్‌కి ఇంత విసుక్కునేవాణ్ణి కాదు కదా సార్’ అన్నాడు. మా టౌన్‌హాళ్ళలో ‘అర్థవంతమైన పని’ మీద చాలా స్లైడ్లు చూశాం. ఆ స్క్రీను పేరు ఏ స్లైడు మీదా లేదు.

ఎందుకు వెళ్తున్నావని మనిషిని అడిగేది కూడా మీ హయాంలోనే. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఒక డ్రాప్‌డౌన్ ఇస్తారు: మెరుగైన అవకాశం, ఉన్నత చదువులు, పెళ్ళి, వ్యక్తిగతం. ఉన్న కారణం అందులో ఉండదు, ఉన్నా ఎవరూ నొక్కరు, ఉద్యోగం నుంచి విడుదల చేశామనే రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు కదా. అందరూ ‘వ్యక్తిగతం’ నొక్కుతారు. ఏడాది చివర ఆ లెక్కలన్నీ కలిపి, మన ఉద్యోగులకి వ్యక్తిగత సమస్యలు ఎక్కువైపోయాయని తేల్చి ధ్యానం యాప్ రెన్యూ చేస్తారు. పోనీ ఉన్నవాణ్ణి ఎందుకు ఉన్నావని అడిగారా అంటే, దానికి ఫారమే లేదు. అడిగితే చెబుతాం: హోమ్ లోన్, పిల్లాడి స్కూలు బస్సు, అయిదేళ్ళు నిండితే వచ్చే గ్రాట్యుటీ. ఆపైన పక్క సీటులో, మనకి జ్వరమొస్తే చెప్పకుండానే ఆన్‌కాల్ మార్చుకునే ఒక్క మనిషి. ఆ మనిషి పేపర్స్ పెట్టాడంటే నెల తిరక్కుండా మరో ఇద్దరు పెడతారు. మేనేజరు దాన్ని ‘మార్కెట్ ట్రెండ్’ అంటాడు.

మీరు పుట్టిందే పని చేతులు మారడానికని మా వాళ్ళు చెబుతారు. మంచిదే. కానీ ఆయన బదులు తీసుకున్న అబ్బాయి పాత కంపెనీలో మీ దగ్గరే ఇరుక్కుపోయాడండీ, అక్కడా తొంభై రోజులే. ఈయన వెళ్ళిన చాలా వారాలకి అతనొచ్చాడు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. కేటీ అంతా ఇంకా ప్రాజెక్టు లేక బెంచి మీదున్న ఒక ఫ్రెషరు విన్నాడు, మిగతాది రికార్డింగుల్లో ఉంది. ఆ రికార్డింగులు తెరవడానికి యాక్సెస్ ఇవ్వాల్సింది ఆ వెళ్ళిపోయినాయనే.

వదిలివెళ్ళకుండా ఆపడానికైనా పనికొస్తారనుకుంటే అదీ లేదు. రిక్రూటర్ ఫోన్ ఎత్తగానే పేరు కన్నా ముందు మిమ్మల్నే అడుగుతాడు: ‘నోటీస్ ఎంతండీ, నెగోషియబులా?’ తొంభై అనగానే ‘కాల్ చేస్తాం’ అని పెట్టేస్తాడు. జాబ్ పోర్టల్లో ‘సర్వింగ్ నోటీస్’ అని ఫిల్టర్ ఉంది, అందులో పడ్డవాడికే గిరాకీ. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు. అందుకని ధైర్యవంతులు ముందు రాజీనామా కొట్టేసి ఆ తర్వాత ఉద్యోగం వెతుకుతున్నారు. మొదటి ఆఫర్ వచ్చాక ఇంకా బోలెడు రోజులు చేతిలో ఉంటాయి, రెండోది చూపించి మూడోది తెచ్చుకుంటారు. ల్యాప్‌టాప్ సిద్ధం చేసుకుని కూర్చున్న మొదటి కంపెనీ ఫోన్ చేస్తే స్విచాఫ్. అవతలివాళ్ళు ‘ఈ కాలం పిల్లలకి నిబద్ధత లేదు’ అని లింక్డిన్‌లో పోస్టు పెడతారు. ఆ కాలహరణమంతా మీ చలవే.

ఇంత బలం మీకెక్కడిదా అని వెతికాను. సర్కారు ఉద్యోగి ఇరవయ్యేళ్ళు సర్వీసు చేసి స్వచ్ఛందంగా రిటైరవ్వాలంటే మూడు నెలల నోటీసు. మా టీములో నిన్నగాక మొన్న చేరిన జావా కుర్రాడికీ మూడు నెలలే. అయితే వాళ్ళకి పెన్షన్ ఉంది, మావాడికి ఒక టీషర్టు ఇచ్చారు. జర్మనీలో చట్టం ప్రకారం ఉద్యోగి మామూలుగా ఇవ్వాల్సింది నాలుగు వారాలు. ఇక అమెరికాలో మనవాళ్ళ సంగతి చూడండి: హెచ్-1బీ వర్క్ వీసా మీదున్నవాడి ఉద్యోగం పోతే, ఇల్లూ పిల్లల చదువూ కారూ అన్నీ సర్దుకుని దేశం దాటడానికో, ఇంకో కొలువు చూసుకోవడానికో గరిష్ఠంగా 60 రోజులు. ఇక్కడ ఒక బిల్డింగు లిఫ్టు దిగి పక్క బిల్డింగు లిఫ్టు ఎక్కడానికి 90.

చట్టానికొస్తే, ఇష్టంలేని మనిషిని కోర్టు ఉత్తర్వుతో కూర్చోబెట్టి పని చేయించడం కుదరదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం చెబుతోంది. మీ పట్టంతా ఆ రిలీవింగ్ లెటర్లో ఉంది. అది లేకపోతే అవతల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో ఆగిపోతాం. ఒక్క కాగితం కోసం ఎమ్‌టెక్‌లు చేసినవాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు.

జీఎస్టీ కథ చెప్పకపోతే మీ కీర్తికి లోటు. ఉద్యోగి గడువుకి ముందే వెళ్ళిపోతూ మిగిలిన రోజులకి బదులు నోటీసు డబ్బు కడితే, దానికి జీఎస్టీ ఉందా అని కొన్నేళ్ళు పెద్ద చర్చ నడిచింది. వాదన ఏమిటంటే, అతను వెళ్ళిపోవడాన్ని కంపెనీ ‘సహిస్తోంది’, చట్టం ప్రకారం ఒక పనిని సహించడానికి ఒప్పుకోవడమూ సేవే, సేవకి పన్ను కట్టాలి. చివరికి 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చి, అక్కర్లేదని తేల్చింది. సంతోషం. ఇన్నేళ్ళూ మేనేజర్లని సహించినందుకు మేం ఇన్వాయిస్ ఎవరికి పంపాలో మాత్రం అందులో లేదు.

మీరు రెండువైపులా సమానమేనని ఆఫర్ లెటర్లో రాసుంది. ఓ మంగళవారం పొద్దున మావాళ్ళు కొందరికి ‘క్విక్ కనెక్ట్’ అని ఇన్వైట్ వచ్చింది. మధ్యాహ్నానికి ల్యాప్‌టాపులు టేబుల్ మీద పేర్చేసి ఉన్నాయి. ‘మీరే రిజైన్ చేసినట్టు రాయండి, లెటర్ మంచిగా ఇస్తాం’ అన్నారట. మీరెక్కడా కనిపించలేదు. అడిగితే, డబ్బు రూపంలో వచ్చారన్నారు. ఆ డబ్బూ కంపెనీ ఇచ్చేటప్పుడు మూలవేతనమైన బేసిక్ మీద, మేం కట్టేటప్పుడు అలవెన్సులన్నీ కలిసిన గ్రాస్ మీద. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడు, మానేసినవాడి జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇచ్చేయాలంటోంది. ఏ రెండు దినాలో మా పేరోల్ వాళ్ళు ఇంకా నిర్ణయించుకుంటున్నారు.

తమరికి నా విన్నపం ఏమిటంటే, చివర్లో రావడం మానేసి మొదట్లో రండి. చేరిన రోజునే మా దగ్గర రాజీనామా రాయించేసుకోమనండి. తొంభై రోజులు తిరిగేసరికి కంపెనీ వచ్చి, ‘ఉంటారా?’ అని అడగాలి. ఉంటే ఎంతిస్తారో అప్పుడే చెప్పాలి, ఆ స్క్రీను ఎవరు వాడతారో చెప్పాలి, వైస్ ప్రెసిడెంటు గారు కాఫీ తాగించాలి. మేం సరేనంటే ఇంకో తొంభై. లెక్కవేస్తే ఏడాదికి నాలుగు కాఫీలు. ఇప్పుడు యాప్‌కి కట్టే డబ్బులో సగం మిగులుతుందని నా అంచనా, తప్పైతే ఫైనాన్స్ వాళ్ళు సరిదిద్దుతారు.

పై విన్నపం కుదరని పక్షంలో ఇంకో చిన్నది. జీతం పెంపు చెప్పే మా హైకుల లెటర్లు అటూ ఇటూగా ఉగాదికే వస్తాయి, చూసి మండినవాళ్ళంతా ఆ వారమే పేపర్స్ పెడతారు. అక్కడినుంచి తొంభై లెక్కేస్తే సరిగ్గా ఆషాఢంలో తేలుతుంది. ఆషాఢంలో కొత్త కొలువులో చేరడమేమిటని మా అత్తగారు ఒప్పుకోరు, కొత్త కంపెనీవాళ్ళు శ్రావణం దాకా ఆగరు. ఆషాఢానికి ముందే అధికమాసం వచ్చిన ఏడాది తప్ప మాకు దారి లేదు. కాబట్టి దయచేసి మిమ్మల్ని అరవైకి దింపించుకోండి, జ్యేష్ఠంలో బయటపడతాం. అరవై కుదరదంటే నూటపాతికైనా చేయించండి, శ్రావణంలోనే చేరతాం, అందాకా ఒంటిగంటకి భోజనం చేస్తాం.

ఇట్లు,
తమ దర్శన భాగ్యం ఇంకా కలగని
ఒక టీమ్ లీడ్