వచ్చినవాళ్లెవరు, వెళ్లినవాళ్లెవరు

మొన్న సంక్రాంతికి తిరుపతి వెళ్లినప్పుడు, మా తమ్ముడి కొడుకు ఆడుతున్నాడంటే ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి పోయాను. పొద్దున తొమ్మిదిన్నరయినా శేషాచలం కొండ మీద మంచు ఇంకా విడలేదు. మైదానం గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, కింద వరసలో దాతలు. ఆ దాతల్లో విదేశాల్లో ఉండే మనవాళ్ల ఫొటోలు నాలుగున్నాయి, ఒకటి నాది. ఆడే పిల్లల పేరు ఒక్కటి కూడా లేదు.

మెట్ల మీద ఒక కుర్రాడు బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. కీపర్. చిత్తూరు నుంచి తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చాడు, దాదాపు 70 కిలోమీటర్లు. ప్లాస్టిక్ కవర్లోంచి గ్లౌజులు తీశాడు. కుడి అరచేతి దగ్గర రబ్బరు అరిగిపోతే తెల్ల టేపు చుట్టుకున్నాడు. ఆ టేపును పళ్లతో తెంచుతుండగా లోపల్నుంచి ఇంకో అబ్బాయి ఒకటో నంబరు జెర్సీ వేసుకుని బయటికొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిత్తూరు కుర్రాడు లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, నన్ను చూసి, "నేను ఈ పొద్దు ఆడేది లేదంట సార్. ఎవురూ చెప్పలా" అన్నాడు. గ్లౌజులు మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు. ఇంటికి పోలేదు. మ్యాచ్ అయ్యేదాకా గోల్ వెనకాల నిలబడి, బయటికి పోయిన బంతులు తెచ్చి ఇచ్చాడు.

కోచ్ కొత్త కీపర్ని తీసుకోవడం తప్పు అనను. కొత్తవాడు బాగా ఆడాడు కూడా. జట్టు అన్నాక మార్పులుంటాయి. రెండేళ్లు గోల్ కాసినవాడికి ముందురోజు రాత్రి ఒక ఫోన్ చెయ్యకపోవడం మాత్రం తప్పు. వాడు వెళ్లాడనీ, వీడు వచ్చాడనీ ఎక్కడా ఒక్క ముక్క రాయకపోవడం ఇంకో తప్పు.

అవతలి జట్టు మదనపల్లె నుంచి టెంపోలో వచ్చింది. ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు లేక వేపచెట్టు కింద బట్టలు మార్చుకున్నారు. వాళ్ల పెద్దాయన ఒకరు మంచినీళ్లు అడిగితే, "బయట అంగడి ఉంది" అని చెయ్యి చూపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. రోజుకు 60 వేలు, 70 వేల మంది వచ్చిపోయే ఊరిది. అలిపిరి దగ్గర నడిచి ఎక్కేవాళ్ల బ్యాగులు తీసుకుని కొండమీదికి చేర్చే ఏర్పాటుంది. క్యూలో పిల్లలకు పాలిస్తారు, ఎవరు ఏ ఊరని అడక్కుండా అన్నం పెడతారు. వచ్చినవాళ్లను ఎలా చూసుకోవాలో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. మైదానం గేటు దగ్గరికి వచ్చేసరికి అది ఎందుకు మర్చిపోతున్నామన్నదే నా బాధ.

నేనుండేది ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. ఇక్కడ పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులుంటాయి. మా ఊరి క్లబ్బు వాటికి చాలా కింద ఆడుతుంది. ఒక వైపే కప్పున్న స్టాండు, శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట, మూడు నాలుగు వందల మంది జనం. ఆటగాళ్లలో ఒకతను ప్లంబరు, ఒకతను బడిలో టీచరు. మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర కొన్న, ఆ మ్యాచ్ కోసం క్లబ్బు వేసిన చిన్న పుస్తకం ఇంకా దాచుకున్నాను. మొదటి పేజీలో అవతలి జట్టుకు స్వాగతం. ఆ జట్టు ఎంత దూరం నుంచి వచ్చిందో, పోయిన వారం ఎలా ఆడిందో, అందులో ఒకప్పుడు మన దగ్గర ఆడినవాడెవరో రాశారు. "అతను బంతి అందుకున్నప్పుడు చప్పట్లు కొట్టండి" అని కూడా ఉంది. కొట్టారు. నేను నా చెవులతో విన్నాను.

రెండో పేజీలో ఈ వారం వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు. ఈ స్థాయిలో జట్టు వారం వారం మారుతుంది. ఒకడికి వేరే ఊళ్లో ఉద్యోగం దొరుకుతుంది, ఒకడు పెద్ద క్లబ్బు నుంచి నెల రోజులకు లోన్ మీద, అంటే అరువుకు, వస్తాడు. కాంట్రాక్టు లేని ఆటగాడిని సీజన్ మధ్యలో తీసుకోవాలంటే అతని క్లబ్బుకు ఏడు రోజుల ముందు నోటీసివ్వాలని ఇక్కడ నియమం. అంటే చెప్పడమన్నది మర్యాదకే వదిలెయ్యలేదు, రూలుగా పెట్టుకున్నారు. వెళ్లినవాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో, ఎన్ని గోల్స్ కొట్టాడో రాసి థాంక్స్ చెప్తారు. ప్రీమియర్ లీగ్ కింద ఉండే మూడు డివిజన్లలో ఈ పుస్తకం తప్పనిసరిగా అచ్చు వెయ్యాలన్న నిబంధనను 2018లో క్లబ్బులు ఓటు వేసి తీసేశాయి. ఖర్చు ఎక్కువని కొన్ని ఆపేశాయి. మా క్లబ్బులో మాత్రం రిటైరయిన ఒకాయన ప్రతి గురువారం రాత్రి కూర్చుని తయారు చేస్తాడు.

తిరుపతిలో నాన్నతో ఈ సంగతి చెప్తే, ఆయన తన కాలం కీపర్ గురించి మొదలుపెట్టారు. పెనాల్టీకి ఎటు దూకాలో ముందే తెలిసినట్టు దూకేవాడట. "పేరు నోట్లోనే ఉంది, రావడంలేదు" అని భోజనం అయ్యేదాకా ఆలోచించారు. రాలేదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ హైదరాబాద్ రహీం అనీ, అందులో సికింద్రాబాద్ బలరాం ఆడాడనీ ఈరోజు చెప్పుకోగలుగుతున్నాం. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిందని చెప్పుకోగలుగుతున్నాం. ఎవరో రాసిపెట్టారు కాబట్టి. మన ఊళ్లో నలభై యాభై ఏళ్లుగా ఆడినవాళ్ల పేర్లు ఒక్క కాగితం మీదా లేవు.

"ఈ పేర్లన్నీ వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదా అన్నా?" అన్నాడు తమ్ముడు. చాలదు. మదనపల్లె పిల్లలు ఆ గ్రూపులో ఉండరు. మన పిల్లల పేర్లు కూడా మర్నాటికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతాయి. గేటు దగ్గర చేతికిచ్చిన కాగితం వేరు. ముందు మంచి బంతులు, బూట్లు కావాలి కదా అనేవాళ్లున్నారు. కావాలి, వాటికీ ఇద్దాం. కానీ రెండువైపులా జిరాక్స్ తీసిన వంద కాగితాలకు ఎంతవుతుంది? ఒక పెద్ద షీల్డు డబ్బుతో సీజన్ మొత్తానికి సరిపోతుంది.

అందుకే విదేశాల్లో ఉండే మన ఊరివాళ్ల సంఘానికి నా మనవి. ఈ ఏడాది ఊళ్లో టోర్నమెంట్‌కు మనం పంపే డబ్బుతో షీల్డు వద్దు, ఫ్లెక్సీలో మన ఫొటోలూ వద్దు. ప్రతి మ్యాచ్‌కి ఒక కాగితం, వచ్చిన జట్టుకు రెండు క్యాన్ల నీళ్లు, బట్టలు మార్చుకునే చోటు. ఇవి చేస్తామంటేనే డబ్బు పంపుదాం. జట్టులోంచి తీసేసిన పిల్లాడికి ముందురోజే చెప్పాలని కూడా అందులో చేర్చుదాం. ఎలా రాయాలో తెలియదంటే మొదటిది నేనే రాసిస్తాను. మొన్నటి మ్యాచ్‌కే రాసి ఉంటే ఇలా ఉండేది:

"మదనపల్లె నుంచి వచ్చిన జట్టుకు తిరుపతి స్వాగతం. చలిలో బయల్దేరి ఇంత దూరం వచ్చారు. నీళ్లు గేటుకు ఎడమపక్కన ఉన్నాయి, బట్టలు మార్చుకోవడానికి వెనక గది తెరిచాం. మ్యాచ్ అయ్యాక రెండు జట్లకూ ఇక్కడే టిఫిన్, తిని వెళ్లండి. మా జట్టులో ఈరోజు ఒక మార్పు. రెండేళ్లుగా చిత్తూరు నుంచి వచ్చి మా గోల్ కాసిన కీపర్ ఈ మ్యాచ్ ఆడటం లేదు. అతను మైదానంలోనే ఉన్నాడు. ఆట మొదలయ్యే ముందు అతని పేరు పిలుస్తాం. రెండు జట్లవాళ్లూ చప్పట్లు కొట్టాలని కోరుతున్నాం."