‘ఫస్టియర్‌లోనే స్టైల్ ఫిక్స్ చేసుకో’: ఈ సలహాలో పస ఎంత?

డిజైన్ స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది: “ఫస్టియర్‌లోనే ఒక స్టైల్ ఫిక్స్ చేసుకో. ఎవర్నీ కాపీ కొట్టకు. నాలుగు రంగులు ఎంచుకుని వాటికే కట్టుబడు. పోర్ట్‌ఫోలియో అంతా ఒకేలా ఉండాలి.” విశాఖలో డిజైన్, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలూ దీన్ని వేదంలా పాటిస్తున్నారు. ఇందులో చివరిది సగం నిజం. మిగతావి చెప్పినంత గట్టిగా నిలబడవు.

“కాపీ కొట్టకు” అన్నది అన్నిటికన్నా చేటు. నకలు గీసి సొంతమని చెప్పుకోవడం తప్పు గానీ, నకలు గీసి నేర్చుకోవడం తప్పెలా అవుతుంది? గీతకు బాపును, రంగుకు వడ్డాది పాపయ్య (వపా)ను తీసుకోండి. వపా మనకు దూరమేమీ కాదు, శ్రీకాకుళంలో పుట్టి, అనకాపల్లి పక్కన కశింకోటలో ఉండి బొమ్మలు వేసిన మనిషి. ఒక్కో బొమ్మను మూడుసార్లు గీయాలి. మొదట ట్రేసింగ్ పేపర్ మీద, కొలతలు తెలియడానికి. తర్వాత పక్కన పెట్టుకుని, చూసి. మూడోసారి పుస్తకం మూసేసి. మూడోదాంట్లో ఎక్కడ తేలిపోయిందో అక్కడ మీకు బొమ్మ అర్థం కాలేదన్నమాట.

అసలు పరీక్ష ఆ తర్వాత. అదే గీతతో ఫిషింగ్ హార్బర్‌లో చేపల ట్రే మోసే మనిషిని గీయండి. చీర కుచ్చిళ్ల దగ్గర బాపు గీత ఎలా జారుతుందో చూసి నేర్చుకోవచ్చు. పగిలిన ప్లాస్టిక్ ట్రే అంచు దగ్గర అది సన్నబడాలా, తెగిపోవాలా అన్నది మీరే తేల్చుకోవాలి. ఒక్కరినే నెలల తరబడి నకలు చేస్తే మాత్రం ఆ వాటం చేతికి పట్టేస్తుంది, ఓ పట్టాన వదలదు. నలుగురైదుగురిని మార్చి మార్చి చూడండి. నకలు కింద ‘అభ్యాసం’ అని, మూలం ఎవరిదో రాయండి. పోర్ట్‌ఫోలియోలోకి రానివ్వకండి.

ఇక “ముందే ఫిక్స్” సంగతి. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, ఆ పద్ధతిలోనే పోర్ట్రెయిట్లు వేసి, ముప్పై దాటాక 1920లలో కాళీఘాట్ పటాల వైపు, అంటే కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే జానపద బొమ్మల వైపు, మళ్లారు. శైలి ముందే ఎంచుకుంటే వచ్చేది కాదు, వేసిన పనిలో వెతికితే దొరికేది. ఒకే పడవను ఎ5 కాగితాల మీద 20 సార్లు వేయండి: ఐదు బ్రష్ పెన్‌తో, ఐదు రంగు కాగితాలు కత్తిరించి, ఐదు గీత లేకుండా నీడలతోనే, ఐదు రెండేసి నిమిషాల్లో. అన్నీ నేల మీద పరిచి, అనుకోకుండా పదే పదే వచ్చినవి రాసుకోండి. పడవ ముక్కు ఎప్పుడూ ఫ్రేమ్ దాటిపోతోందా? ఆకాశానికి చోటే మిగలట్లేదా? పట్టుకోవాల్సింది వీటినే. చాలామంది ఐప్యాడ్‌లోని ఒక టెక్స్‌చర్ బ్రష్‌ను చూసి అదే తమ స్టైల్ అనుకుంటారు. అదే బొమ్మను బాల్‌పెన్‌తో వేస్తే గుర్తుపట్టలేకపోతే, ఆ స్టైల్ బ్రష్ తయారుచేసినవాడిది.

నాలుగు రంగుల నియమం ఒక ప్రాజెక్టు వరకు మంచిదే, జన్మంతా అక్కర్లేదు. పైగా స్క్రీన్ మీద మెరిసే నీలిపచ్చ లాంటి రంగు సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే నాలుగు సిరాల పద్ధతిలో) ప్రింటయ్యేసరికి వెలిసిపోతుంది.

ఇవేవీ పట్టించుకోని సలహా తెలుగు అక్షరాన్ని అసలే మరిచింది. రెండు వరుసల పోస్టర్‌లో పై వరుసగా ‘విశాఖపట్నం’ పెట్టి చూడండి. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ స్పేసింగ్, అంటే అక్షరం సైజులో 120 శాతం, ఉంచితే పై వరుస నావత్తు దాని కింద పడే గుడికి తగలొచ్చు. 150 దగ్గర మొదలుపెట్టాలి, లేదా ఆ వత్తును మీరే కొత్తగా గీయాలి. సొంత ముద్రకు ఇంతకన్నా ఖాళీ చోటు మరొకటి లేదు.

పోర్ట్‌ఫోలియో ఒకేలా ఉండాలన్నది ఇలస్ట్రేటర్‌గా ఫ్రీలాన్స్ చేసేవాళ్లకు నిజం, క్లయింటు ఆ బొమ్మ కోసమే వస్తాడు. స్టూడియో ఉద్యోగానికైతే మందుల లేబుల్, మ్యూజియం సైన్‌బోర్డ్, యాప్ స్క్రీన్ వేర్వేరుగా ఉండటమే మేలు. ఎనిమిది ప్రాజెక్టులు చాలు, ఒక్కోదానికి రెండు పేజీలు రఫ్ స్కెచ్‌లకు, కొట్టేసిన వాటితో సహా.