బండ మీద నేను, బూటు మీద ఆవు

ఇది ఇవ్వాళే రాసెయ్యాలి, రేపు మా రూమ్మేట్ బిర్యానీ వండి పెట్టాడంటే నా కోపం కాస్తా పోతుంది, వాడి సంగతి నాకు తెలుసు, నా సంగతి అంతకన్నా బాగా తెలుసు.

మిలాన్‌లో ఎండ దంచేస్తోందని ముగ్గురం కారు అద్దెకి తీస్కుని బండలెక్కడానికి వాల్ ది మెల్లో అనే లోయకి పోయాం. లెక్కో సరస్సు ఒడ్డునే వెళ్లి, మోర్బెన్యో దాటాక అర్దెన్నో దగ్గర ఎడమకి తిరిగి ఘాట్ రోడ్డు ఎక్కితే చివర్న సాన్ మార్తీనో అని చిన్న ఊరు, అక్కణ్ణుంచి నడక. లోయ మాత్రం, అబద్ధం ఎందుకు చెప్పాలి, అదిరిపోయింది. రెండు పక్కలా నిట్టనిలువు గ్రానైట్ గోడలు, మధ్యలో పచ్చిక, ఆ పచ్చిక నిండా గోడల మీంచి ఎప్పుడో ఊడిపడ్డ బండలు. 1970ల్లో సోంద్రియో వైపు కుర్రాళ్లు కొందరు శిఖరాల మోజు పక్కనబెట్టి ఈ బండలెక్కడం మీద పడ్డారట, 2004 నుంచి మెల్లోబ్లోకో అని ఏకంగా బండలెక్కే జాతరే మొదలైందట. ఇదంతా మావాడు, అదే ఆ రూమ్మేట్, కార్లో చెప్పుకుంటూ వచ్చాడు. దిగడం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

"నువ్వు హైదరాబాదోడివి కదరా, నీకు బండలు కొత్తేంటి?" అన్నాడు పైగా. నిజమే, మన బండలు 250 కోట్ల ఏళ్ల నాటివి, ఈ లోయ గ్రానైట్‌కి మహా అయితే 3 కోట్ల ఏళ్లు, వయసులో పసిగుడ్డు. కాకపోతే వీళ్లు వాటిని ఎక్కుతారు, మనం డైనమైట్ పెట్టి పేల్చి, ఆ గోతిలో సెల్లార్ పార్కింగ్ కట్టి, పైన లేచిన అపార్ట్‌మెంట్‌కి 'రాక్' అనే మాట కలిసేట్టు పేరు పెట్టుకుంటాం. అంత అనుభవం మనది.

బండలెక్కే బూట్లు అద్దెకి తీస్కున్నాం. షాపువాడు నా సైజు అడిగి, రాసుకుని, దానికి రెండు తగ్గించి ఇచ్చాడు. వేళ్లు నొప్పెడితేనే కరెక్ట్ ఫిట్ అట. జాడీలో కుక్కిన ఆవకాయ ముక్కల్లా పది వేళ్లూ లోపల ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాయి. డిపాజిట్ మాత్రం ఫుల్ సైజులోనే తీస్కున్నాడు.

ఇక నాకు చూపించిన బండ. బండ ఎక్కడం ఎంత కష్టమో కొలిచే ఫాంటెన్‌బ్లో స్కేల్ మీద అది 4 అంతేనట. "2016లో ఫిన్లాండ్‌లో నాల్లే హుక్కతాయివాల్ 9ఏ ఎక్కాడు, నువ్వు 4కి ఏడుస్తావేంట్రా?" అని మావాడి మోటివేషన్. ఏటవాలుగా ఉండే నున్నటి బండ, పట్టుకోడానికి ఏమీ ఉండదు, బూటు రబ్బర్ని నమ్మి, బరువంతా పాదాల మీద వేసి నడుచుకుంటూ పోవాలి, ముక్కు ముందున్న రాయి కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ధైర్యంగానే ఉంటుంది, ఎక్కేశా. పైకి చేరగానే మావాడు చప్పట్లు కొట్టి, "సూపర్ మామా, వెనక నుంచి దిగెయ్, ఈజీ" అని, పడితే దెబ్బ తగలకుండా కింద పరిచిన క్రాష్‌ప్యాడ్ మడతబెట్టి వీపుకి తగిలించుకుని, ఇంకోణ్ణి కూడా వెంటేసుకుని ఏరు పక్కన వాడి 'ప్రాజెక్ట్', అంటే వాడు ఎక్కి తీరాలని పట్టుబట్టిన బండ, దగ్గరికి వెళ్లిపోయాడు.

కిందికి చూశా. ఆ 4 అనే నంబర్ ఎక్కడానికే. దిగడానికి నంబర్ ఇవ్వరు. దిగేటప్పుడు పాదం ఎక్కడ పెడుతున్నామో కనపడదు, కింద ప్యాడ్ లేదు. వెనక చూస్తే బండకీ ఒక చెట్టుకీ మధ్య చీకటి సందు. దీన్ని ఈజీ అన్నవాణ్ణి తల్చుకుంటూ, ముందు వేళ్లకైనా విముక్తి కలిగిద్దామని బూట్లు విప్పి బాసింపట్టు వేసుకుని కూర్చున్నా. కుడి బూటు జారి కిందపడింది.

అప్పుడొచ్చింది ఆవు. మెడలో గంట, గోధుమరంగు ఒళ్లు, ఎండాకాలమంతా కొండమీద మేసి సెప్టెంబర్‌కి కిందికి దిగే బాపతు. బూటు వాసన చూసింది. ఆవులకి ఉప్పంటే ప్రాణం, నా చెమటంతా ఆ బూటులోనే ఉంది. నాలుక లోపలికి పెట్టి, తీరిగ్గా, గంట మోగించుకుంటూ నాకడం మొదలెట్టింది. "హెయ్! హెయ్!" అన్నా. వినలేదు. ఇటాలియన్ ఆవు కదా అని "స్కూజీ!" అన్నా. అవును, ఆవుకి ఎక్స్‌క్యూజ్ మీ చెప్పా. తల ఎత్తి నన్నొకసారి చూసి, ఈసారి బూటు నాలుకని నోట్లో పెట్టుకుని నమలడం అందుకుంది. బిత్తో అని ఈ జిల్లా కొండల మీద చేసే చీజ్ చాలా ఫేమస్, ఈ ఏడు దాంట్లో ఎవరికైనా తేడా రుచి తగిలితే నన్ను అడగొద్దు.

సరిగ్గా అప్పుడే ఒక ఫ్యామిలీ వచ్చింది. అమ్మయ్య, అడుగుదాం అని రెండు చేతులూ ఎత్తా. వాళ్లకి కనపడిందేంటంటే, కొండల మధ్య బండ మీద వట్టికాళ్లతో బాసింపట్టు వేసుకున్న ఇండియన్, చేతులు ఆకాశం వైపు, పాదాల కింద ఆవు. ఆవిడ వెంటనే పిల్లాడికి నోటి మీద వేలు పెట్టి "ష్ష్, యోగా" అంది. ఆయన ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. ఇద్దరూ నాకు నమస్తే పెట్టారు. నేను తిరిగి నమస్తే పెట్టా, ఏం చెయ్యను, పెంపకం అలాంటిది. అంతే, వాళ్ల అనుమానం పూర్తిగా తీరిపోయింది, మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయారు. అంత పెద్ద లోయలో సాయం చేసే మనుషులు దొరికితే, నా ప్రశాంతత చెడగొట్టకూడదని పారిపోయారు! సాయానికి ఇటాలియన్లో "అయూతో" అనే మాట వాళ్లు మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

కాసేపటికి నా వెనక చప్పుడైంది. ఆ పిల్లాడే. ఆరేళ్లుంటాయేమో, చేతిలో సగం తిన్న అరటిపండు, సందులో ఉన్న చెట్టు పట్టుకుని ఒంటిచేత్తో పైకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నన్ను చూశాడు, ఆవుని చూశాడు, ఇక్కడ చూడ్డానికి ఇంకేం లేదని తేలాక అదే చెట్టు పట్టుకుని చకచకా దిగిపోయాడు.

నేనెలా దిగానో వివరాలు అనవసరం, ఆ ప్యాంటు ఇంక వేసుకోను. మావాడు తిరిగొచ్చి ఆవుని తోలకుండా ముందు వీడియో తీశాడు, "గోమాతరా, పుణ్యం" అన్నాడు.

షాపువాడు నమిలిన బూటుని రెండు వేళ్లతో ఎత్తి చూసి ఏమైంది అన్నాడు, ఆవు అన్నా. వాడి ఫారంలో ఆవుకి గడి లేదు కాబట్టి 'అజాగ్రత్త' అని టిక్ పెట్టి డిపాజిట్ ఉంచేసుకున్నాడు. రాత్రి మావాడు ఖర్చులు ముగ్గురికీ పంచి గ్రూప్‌లో పెట్టాడు, కారు, పెట్రోల్, శాండ్‌విచ్‌లు, అన్నీ ఓకే. చివర్న క్రాష్‌ప్యాడ్ రెంట్, మూడో వంతు నా పేరున. మూడుసార్లు రిమైండర్ కూడా పంపాడు, నేనైతే కట్టట్లేదు.