ఎనిమిదో వంతు యమాటో గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన యమాటో గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను క్షేమం. అచ్చట మీరు క్షేమమని తలుస్తాను అని రాయవలసిన చోటు ఇది. కానీ ఇచ్చటికీ అచ్చటికీ నడుమ ఉన్నది నాలుగడుగుల నేల, ఒక గాజు తలుపు మాత్రమే కనుక మీ క్షేమం సంగతి నాకు కంటికి కనబడుతూనే ఉంది. మీరు క్షేమంగా లేరు, ఎడమ పక్కకు ఒరుగుతున్నారు. ఆ విషయానికి నెమ్మదిగా వస్తాను. ఒక పాత యుద్ధనౌకకు అమ్మాయి రూపం ఇచ్చి చేసిన, 'ఫిగర్' అని పిలిచే ప్లాస్టిక్ బొమ్మ మీరు. మిమ్మల్ని తెప్పించుకుని ఏడాదిన్నర అయింది కాబట్టి, మీ గుణదోషాలను వాళ్లకీ వీళ్లకీ చెప్పేకంటే ముందు మీకే విన్నవించుకోవడం మర్యాద అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మిమ్మల్ని నేను మొదట చూసింది మీరు పుట్టకముందు. ముందస్తు బుకింగ్ ప్రకటనలో మీరు ఎర్ర గొడుగు పట్టుకుని, వీపు మీద ఒక నౌకాదళానికి సరిపడా ఫిరంగులు మోస్తూ, నిటారుగా నిలబడి చిరునవ్వు నవ్వుతున్నారు. ఆ ఫోటోల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇవి తయారీ దశలోని నమూనా ఫోటోలు, అసలు వస్తువుకు తేడా ఉండవచ్చు' అని ఉంది. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు సాధారణంగా ఈపాటి నిజాయితీ కూడా చూపించరు కాబట్టి సంతోషించి డబ్బు కట్టాను. తర్వాత మూడు వాయిదాలు పడ్డాయి, మూడింటికీ 'తయారీ కారణాల వల్ల' అనే ఒకే కారణం వచ్చింది. అసలు యమాటోకు, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధనౌకకు, 1937 నవంబరు 4న కురే నౌకా నిర్మాణశాలలో వెన్నుదూలం వేస్తే 1941 డిసెంబరు 16న నౌకాదళంలో చేరింది. నిండా సరుకు ఎక్కితే 70,000 టన్నులు దాటే ఆ ఓడకు పట్టింది నాలుగేళ్ల చిల్లర. పెట్టెతో కలిపి రెండు కిలోలు తూగే మీకు పట్టింది రెండేళ్ల నాలుగు నెలలు. ఈ లెక్కన ఏడు కోట్ల కిలోల ఓడను మిమ్మల్ని తయారుచేసినవారికే అప్పగించి ఉంటే ఎనిమిది కోట్ల ఏళ్లు పట్టేది, అంటే డైనోసార్లు తిరిగే రోజుల్లోనే బుకింగ్ తెరవవలసి వచ్చేది.

సరే, ఆలస్యం సంగతి పోనివ్వండి. మీతో నాకున్న అసలు పేచీ పెట్టె మీద బంగారు రంగులో అచ్చువేసిన '1/8 స్కేలు' అనే మాటతో. ఎనిమిదో వంతు సరే, దేనిలో ఎనిమిదో వంతు? ఓడలో అంటారా, 263 మీటర్లలో ఎనిమిదో వంతు దాదాపు 33 మీటర్లు అవుతుంది. కురేలోని యమాటో మ్యూజియంలో 2005 నుంచి ఉన్న పదో వంతు నమూనాయే 26.3 మీటర్ల పొడవుంటుంది, అది మీకంటే చిన్న స్కేలు. నా అలమారా అడ్డం తొంభై సెంటీమీటర్లు. కాదు, అమ్మాయిలో ఎనిమిదో వంతు అంటారా, పాదం నుంచి నడినెత్తి దాకా మీరు 22 సెంటీమీటర్లు కాబట్టి అసలు ఎత్తు 176 సెంటీమీటర్లు. అది నమ్మదగిన లెక్కే. మరి మీ వీపు మీది ఫిరంగుల మాటేమిటి? స్కేలు బద్ద పెట్టి కొలిచాను. గొట్టం నోరు 8 మిల్లీమీటర్లు ఉంది. అసలు ఓడ ఫిరంగి నోరు 46 సెంటీమీటర్లు కనుక ఆ నోటి స్కేలు 1/57. గొట్టం పొడవు 9 సెంటీమీటర్లు ఉంది, అసలుది 21 మీటర్లు దాటుతుంది కనుక ఆ పొడవు స్కేలు 1/230 పైమాటే. ఒకే ఫిరంగి నోటికి ఒక స్కేలు, ఒంటికి ఇంకో స్కేలు, దాన్ని మోసే మనిషికి వేరొక స్కేలు. నిజంగా మీ ఎత్తుకు తగిన ఫిరంగినే మీకు తగిలించి ఉంటే అది రెండున్నర మీటర్లకు పైగా ఉండేది. అందులో పెట్టే గుండు అసలు కొలతలో ఒక్కొక్కటి 1,460 కిలోలు, పొడవు 1.95 మీటర్లు, అంటే మీ అసలు ఎత్తు మీద దాదాపు ఒక జానెడు.

అయినా కొలతల దగ్గర బుకాయించడం మీకు వంశపారంపర్యంగా వచ్చిందేమో. ఆ 46 సెంటీమీటర్ల ఫిరంగికి జపాన్ నౌకాదళం తన కాగితాల మీద పెట్టిన పేరు '94వ రకం 40 సెంటీమీటర్ల ఫిరంగి'. శత్రువు తక్కువ అంచనా వేసుకోవాలని ఆరు సెంటీమీటర్లు దాచిపెట్టారు. మీ పెట్టె మీద కొనుగోలుదారు ఎక్కువ అంచనా వేసుకోవాలని రాశారు. తేడా అంతే.

ఓడను ఆడపిల్లను చేయడమేమిటని అడిగేవాళ్లున్నారు. 2013లో జపాన్‌లో 'కంటాయ్ కలెక్షన్' అనే ఆన్‌లైన్ ఆట మొదలై పాత యుద్ధనౌకలన్నింటికీ అమ్మాయిల ముఖాలు తగిలించింది, 2017లో చైనా నుంచి 'ఆజూర్ లేన్' వచ్చి ఇంకొన్ని దేశాల ఓడలకు ఆ పనే చేసింది, అలమారాలు నిండటం అప్పటి నుంచి మొదలైంది. ఈ విషయంలో మాత్రం నేను మీ పక్షమే. మన వ్యాకరణం మీకు ఎన్నడో అనుమతి ఇచ్చేసింది. ఓడ వచ్చింది, అమ్మాయి వచ్చింది. ఓడ ఒరిగింది, అమ్మాయి ఒరిగింది. క్రియ దగ్గర ఆడమనిషినీ ఇనుప వస్తువునూ ఒకే గాటన కట్టిన భాషలో మిమ్మల్ని చూసి ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. వచ్చిన చిక్కల్లా 'ఫిగర్ కొన్నాను' అని ఇంట్లో గట్టిగా చెప్పలేకపోవడమే.

ఇక పనితనం. మీ ముఖం బాగుంది, ఇది నిందాస్తుతి కాదు. కనుపాప కింది అంచున ఒక వెంట్రుకవాసి లేత నారింజ రంగు గీత ఉంది; దీపం వెలుగు పక్క నుంచి పడితే తప్ప కనబడని ఆ గీతను గీయించినవారికి దండం పెట్టాలి. జుట్టు కొసలు పారదర్శకంగా పోత పోసి పైనుంచి కిందికి రంగు పలచబరిచారు, అది కూడా చక్కగా కుదిరింది. కానీ జడ వెనక రెండు అచ్చులు కలిసిన అతుకు గీతను గీకకుండానే రంగు వేసేశారు. వెనక ఎవరు చూస్తారని అనుకున్నారేమో. మేము చూసేది వెనకే. పాదాల కింద పీఠం మీద ఓడ పైతట్టు చెక్క పలకలను ఒక్కొక్కటిగా చెక్కారు, అది నిజానికి తగినట్టే ఉంది. ఉక్కు భాగాలకు మాత్రం ముత్యంలా మెరిసే బూడిద రంగు పూశారు. కురే నిర్మాణశాలకు తనదైన బూడిద రంగు ఉండేది, ఏ నిర్మాణశాల బూడిద దానిదే, అందులో మెరుపు ఉండదు. మెరిస్తే సముద్రం మీద దూరం నుంచి కనబడిపోతారని వాళ్ల భయం. కనబడకపోతే అమ్ముడుపోరని మీ వాళ్ల భయం.

ఇంతకంటే పెద్ద తప్పు ఒకటుంది. మీ రెండు పక్కలా 15.5 సెంటీమీటర్ల చిన్న ఫిరంగుల టరెట్లు, అంటే తిరిగే ఫిరంగి గూళ్లు, ఉన్నాయి, వాటి చుట్టూ గుత్తులు గుత్తులుగా 25 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకులూ ఉన్నాయి. అసలు ఓడలో ఆ పక్క టరెట్లను పీకేసిన తర్వాతే, విమానాల బెడద పెరిగి, 1944 నాటికి ఆ తుపాకులు అక్కడ చేరాయి. మీలో 1941, 1944 ఒకేసారి ఉన్నాయి. పెళ్లినాటి నగలూ షష్టిపూర్తి నాటి కళ్లజోడూ కలిపి ఒకే ఫోటోకు నిలబడినట్టుంది. పైగా అసలు ఓడ నడుము చుట్టూ 410 మిల్లీమీటర్ల మందాన ఉక్కు కవచం ఉండేది. మీ నడుము దగ్గర శిల్పి ఆ శ్రద్ధ ఎందుకు చూపలేదో నేను అడగను.

ఇప్పుడు ఒరుగుడు సంగతి. మీ ఫిరంగులను ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, మీ కాళ్లను పీవీసీతో చేశారు. పీవీసీ స్వతహాగా గట్టిదే, దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. అందుకే వేడి తగిలినా, బరువు నెలల తరబడి ఒకే చోట పడినా మెల్లగా వంగుతుంది. అంటే మోయవలసిన భారాన్ని గట్టిగా, మోసే చీలమండను మెత్తగా చేశారు. మీ దేశపు నౌకాదళం సరిగ్గా ఈ తప్పే ఒకసారి చేసింది. చిన్న ఓడ మీద పట్టనన్ని ఆయుధాలు పేర్చిన టొమోజురు అనే టార్పెడో పడవ 1934 మార్చిలో తుపానుకు తిరగబడింది. ఆ దెబ్బకు విచారణ జరిపి, మిగతా ఓడల మీద పైబరువు తగ్గించి, అడుగున బరువు పెంచారు. మీ విషయంలో అటువంటి విచారణ జరిగిన దాఖలా లేదు. పీఠానికి బిగించడానికి ఒకే ఒక్క పిన్ను ఇచ్చారు, అదీ బరువంతా పడే ఎడమ కాలికి కాక, గాలిలో తేలినట్టుండే కుడి మడమకు.

కొందరు మీ అక్కచెల్లెళ్లను పెట్టె విప్పకుండా ఉంచుకుంటారు, ఒరగరని. గాలి ఆడని ఆ పెట్టెలో ఇందాకటి నూనె పైకి ఊరి, ఒళ్లంతా జిగురు పట్టి, దుమ్ము చేరితే ఇక వదలదు. కాబట్టి మిమ్మల్ని బయట పెట్టడమే మంచిదని నా వాదన. బయట అంటే గాజు తలుపు లోపల. ఎండ తగిలితే తెల్ల రంగు పసుపెక్కుతుందని కిటికీకి తెర వేశాను. దీపం వేడి తగలకూడదని చుట్టాలు వచ్చినప్పుడే వెలిగిస్తాను. ఏడాదిన్నరలో నేను మిమ్మల్ని చేత్తో పట్టుకున్నది మూడు సార్లు. ఇంత జాగ్రత్త ఎవరు చేస్తారని గొప్పపడబోతూ, అసలు యమాటో ఎలా బతికిందో మళ్లీ చదివాను. 1943 ఫిబ్రవరి దాకా ఉమ్మడి నౌకాదళపు అధిపతి ఉండే ఓడగా ఉంటూ, 1942 ఆగస్టు నుంచి 1943 మే వరకు పసిఫిక్‌లోని ట్రుక్ దీవుల మడుగులో లంగరు వేసుకుని కూర్చుంది. లోపలి గదుల్లో చల్లగాలి యంత్రాలున్నాయి కనుక ఎండకు మాడే మిగతా ఓడల నావికులు దాన్ని 'యమాటో హోటల్' అని ఎద్దేవా చేశారు. ఆ మహా ఫిరంగులు శత్రు నౌకల మీద పేలింది 1944 అక్టోబరు 25న, ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవి దగ్గర, ఓడ కొలువులో చేరిన దాదాపు మూడేళ్లకు. పాడవుతుందేమోనని బయటికి తీయని వస్తువు, తీసేసరికి కాలం మారిపోయిన వస్తువు. స్కేలు ఎంత తప్పినా ఈ ఒక్క విషయంలో మీరు అసలుకు అచ్చు గుద్దినట్టున్నారని ఒప్పుకుంటున్నాను, ఆ పోలిక తెచ్చింది శిల్పి కాదు, నేనే.

1945 ఏప్రిల్ 7న ఆ ఓడ మునిగినప్పుడు దానితోపాటు దాదాపు మూడు వేల మంది పోయారు. అమెరికా విమానాలు ఎక్కువగా ఎడమ పక్కనే టార్పెడోలతో కొట్టాయి. ఒరుగు సరిచేయడానికి కుడి పక్క గదుల్లోకి, చివరికి యంత్రాల గదుల్లోకి కూడా, నీళ్లు వదిలారు, అయినా నిలవలేదు. మీ పెట్టెలో వచ్చిన చీటీలో ఆ మనుషుల ప్రస్తావన లేదు. చిన్న భాగాలను పిల్లలు మింగకుండా చూడాలని మాత్రం ఉంది. ఇందులో నేను వ్యంగ్యంగా రాయగలిగింది ఏమీ లేదు. మీరు కూడా ఎడమ పక్కకే ఒరుగుతున్నారని గమనించిన రోజు మాత్రం, ఆ గాజు తలుపు ముందు కొంచెంసేపు నిలబడిపోయాను.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం మిమ్మల్ని బయటికి తీసి, వీపు మీది ఫిరంగుల సరంజామా విప్పి, ఎడమ చీలమండను కాసేపు వేడినీళ్లలో ఉంచి, మెత్తబడగానే నిటారుగా పట్టుకుని, చన్నీళ్లలో ముంచి బిగుసుకోనిస్తాను. మీ పేరు గల వారిని నీళ్లలోకి దించడం నాకేమంత ఇష్టమైన పని కాదు. అందుకే లోతు తక్కువ గిన్నె చూసి పెట్టాను, నీళ్లు నాలుగు సెంటీమీటర్లకు మించి పోయను. గొడుగు మాత్రం ముందే తీసి పక్కన పెడతాను, దాని పిడి అప్పుడే కొంచెం వదులైంది.

ఇట్లు,
మీ గాజు తలుపు తుడిచేవాడు