క్వాంటం తహసీల్ ఆఫీసుకు తాళం వేసేదెవరు?

దేవరకొండలోనో అచ్చంపేటలోనో తహసీల్ ఆఫీసుకు క్వాంటం కంప్యూటర్, అంటే సూక్ష్మ కణాల ప్రపంచపు నియమాలతో లెక్కలు కట్టే యంత్రం, వచ్చిందనుకుందాం. కేంద్రం 2023లో రూ.6 వేల కోట్ల పైచిలుకుతో నేషనల్ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది కాబట్టి, ఊహించుకోవడానికి మనకు ఖర్చేమీ లేదు. గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ 1994లో కనిపెట్టిన అల్గారిదంను (లెక్కకట్టే పద్ధతిని) ఇలాంటి యంత్రం మీద నడిపి రహస్య కోడ్‌లన్నీ విప్పేస్తారని చాలామందికి టెన్షన్. మన ఆఫీసుకు ఆ బెంగ అక్కర్లేదు. పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద ఉంటే, అల్గారిదంతో కుస్తీ పట్టేదెవరు?

అసలు చిక్కు జిరాక్స్‌తో వస్తుంది. తెలియని క్వాంటం స్థితికి, అంటే సూక్ష్మ కణం ఏ స్థితిలో ఉందో దానికి, అచ్చంగా అలాంటి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే తేల్చారు. అంటే క్వాంటం పాసుపుస్తకానికి జిరాక్స్ రాదు. మరి 'మూడు సెట్లు, గెజిటెడ్ సంతకంతో పట్టుకురా' అంటే రైతు ఏం చేయాలి? ఆఫీసు ఎదుటి జిరాక్స్ షాపాయన ధర్నాకు దిగడం ఖాయం.

యంత్రం సంగతి సరే, దాని గది? సూపర్‌కండక్టర్ రకమైతే చిప్‌ను మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంచాలి. మే నెల నల్లగొండలో ఆ గదిలోకి ఎవరినీ రానివ్వకుండా ఆపే మొనగాడు ఇంకా పుట్టలేదు. మజ్జిగ బాటిళ్లు ముందే లోపలికి చేరిపోతాయి.

క్వాంటం తాళమే శ్రీరామరక్ష అనేవాళ్లూ ఉన్నారు. 1984లో బెన్నెట్, బ్రాసార్డ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతిలో రహస్య కోడ్ తాళంచెవిని కాంతి కణాల మీద పంపుతారు; మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే తాళంచెవిలో తప్పులు దొర్లి దొంగ దొరికిపోతాడు. శాస్త్రం ఒప్పే.

కానీ సోమవారం ప్రజావాణి నాడు చూడాలి. ఆపరేటర్ కుర్చీ వెనక డజను తలలు. 'నా సర్వే నంబర్ ఎక్కిందా సారూ?' అని ఒకాయన, పక్కోడి గెట్టు ఎందాక ఉందో చూసిపోదామని ఇంకొకాయన, ఇద్దరి భుజాల మధ్య నుంచి పైరవీకారు. పదిన్నరకు మొదలైన అలారం సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది. మర్నాడు అటెండర్‌ను పిలిచి ప్లగ్గు పీకించేస్తారు. హ్యాకర్‌కు అంతకు మించిన ఉపకారం ఇంకేముంటుంది?

నా గొడవ ఎప్పుడూ భూమి రికార్డు గురించే. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినప్పుడల్లా భద్రత గురించి ఉపన్యాసాలు విన్నాం. డిజిటల్ సంతకం పెట్టే ఆ చిన్న కీ సారు జేబులో ఉంటోందా, ఆపరేటర్ డ్రాయర్లో ఉంటోందా అన్నది మాత్రం ఎవరూ అడగరు. క్వాంటం ముచ్చట తర్వాత చూద్దాం. నా రికార్డును ఎవరు, ఎన్ని గంటలకు తెరిచారో వెంటనే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా చేయమనండి. దానికి ఇప్పుడున్న కంప్యూటర్లే ఎక్కువ.