పాలు పొంగాయి, కళ్ళూ మండాయి

మాఘమాసంలో మా చెల్లి వాళ్ళ గృహప్రవేశం. మియాపూర్ దగ్గర పదో అంతస్తు ఫ్లాట్. ముహూర్తం తెల్లవారుజామున 4:20కి. ముందు రోజు రాత్రి పదకొండు దాకా వార్డ్‌రోబ్‌లకు పాలిష్ కొడుతూనే ఉన్నారు. ఆవు లిఫ్ట్ ఎక్కదు కాబట్టి సెల్లార్లోనే పసుపు కుంకుమలు పెట్టించుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు తెలివైన అతిథి అదొక్కటే.

పాలు పొంగించారు, హోమం చేశారు, అందరి కళ్ళల్లో నీళ్ళు. హోమం పొగ అనుకున్నాం. మధ్యాహ్నానికి పొగ పోయింది, కళ్ళ మంట పోలేదు. వార్డ్‌రోబ్ తలుపు తీస్తే ముక్కు అదిరిపోయింది. మా పెద్దత్త మాత్రం గట్టిగా పీల్చి "కొత్తింటి వాసన, ఎంత బాగుందో!" అంది.

ఆ వాసనకు పేరుంది అత్తా. అందులో కొంత థిన్నర్, అది కొన్నాళ్ళకు ఎగిరిపోతుంది. మొండిది ఇంకోటి, ఫార్మాల్డిహైడ్. బైపీసీ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ల్యాబ్‌లో కప్పల్ని సీసాలో పెట్టే ఫార్మలిన్ అంటే ఇది కలిపిన నీళ్ళే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే మొదటి గ్రూపులో చేర్చింది. ఒక పూట పీలిస్తే ఏదో అయిపోతుందని భయపెట్టడం లేదు. ఏళ్ళ తరబడి పీల్చిన పనివాళ్ళను చూసి చెప్పిన మాట అది. కానీ కళ్ళ మంట, గొంతు గరగర, దగ్గు రావడానికి ఏళ్ళు అక్కర్లేదు.

ఎక్కడి నుంచి వస్తుందంటే, బోర్డు జిగురులోంచి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, చవక ప్లైవుడ్, వీటిలో చెక్కపొట్టునీ పొరల్నీ పట్టి ఉంచేది ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. అది ఎండి గట్టిపడ్డా పని అయిపోదు. గాలిలో తేమ తగిలితే కొద్దికొద్దిగా విడిపోయి మళ్ళీ గ్యాస్ వదులుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. మన ఏప్రిల్ ఎండలూ, జూలై ముసురూ రెండూ దానికి పండగే. ఇలా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. మనమేమో ఏసీ చల్లదనం పోతుందని కిటికీలు బిగించుకుని పడుకుంటాం.

ఇప్పుడు నా ఫ్లాట్‌కు ఇంటీరియర్స్ చేయిస్తున్నా. సింహద్వారం ఏ దిక్కు, ఈశాన్యంలో బరువుందా అని పదిమందిని అడిగిన ఇల్లే మాదీ. ఇంటీరియర్ అబ్బాయి త్రీడీ బొమ్మలు చూపించాడు, లామినేట్ రంగుల పుస్తకాలు మూడు ఒళ్ళో పెట్టాడు. "బోర్డు ఈ1 గ్రేడా, ఈ0 గ్రేడా?" అని అడిగా. అంటే గ్యాస్ ఎంత తక్కువ వదులుతుంది అని. ఒక్క క్షణం చూసి "ఐఎస్ఐ సార్" అన్నాడు. మళ్ళీ అడిగితే "వాసన నెలలో పోద్ది సార్, కర్పూరం పెట్టండి, ఉల్లిపాయలు కోసి మూలల్లో పెట్టండి" అన్నాడు. కోపం రాలేదు. అతన్ని ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుక్కి చెబితే, తన పుస్తకాల అల్మారా వెనకాల అంటించిన చీటీ ఫొటో తీసి పంపాడు. ఫార్మాల్డిహైడ్ పరిమితికి లోబడి ఉందని రాసి ఉంది. ఆ చీటీ ఊరికే రాలేదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను బాధితులను ప్రభుత్వమే ట్రైలర్ ఇళ్ళలో ఉంచింది, అంటే ఇలాంటి బోర్డులతోనే చేసిన, బండికి తగిలించి లాక్కెళ్ళే ఇళ్ళు. జనం కళ్ళ మంటలు, దగ్గులు అని మొత్తుకుంటే, 519 ట్రైలర్లు పరీక్షించి గాలిలో సగటున 77 పీపీబీ (వంద కోట్ల పాళ్ళలో 77 పాళ్ళు) ఫార్మాల్డిహైడ్ ఉందని 2008లో చెప్పారు. 2010లో చట్టం వచ్చింది. అల్మారా కొనేవాడి ముక్కు మీద ఆధారపడకుండా, ఫ్యాక్టరీ దగ్గరే పట్టుకోవాలని.

మనకు చేతకాక కాదు. రంగుల్లో సీసం సంగతి చూడండి. మనలో చాలామంది గడపకు పసుపు రాయడం మానేసి పసుపు ఎనామిల్ పెయింట్ వేయించి, ఎర్ర బొట్లు పెట్టించాం. రోజూ రాసే పని తప్పిందని సంతోషం. పాత ఎనామిల్ రంగుల్లో ఆ మెరిసే పసుపు చాలాసార్లు లెడ్ క్రోమేట్‌ది, అంటే సీసం. పాకే పిల్లలు చేతులు పెట్టేది ఆ గడప మీదే. (పసుపు కల్తీలో వాడేదీ ఇదే పదార్థం.) 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది, 2017 నవంబర్ నుంచి ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదని. అలాంటిదే బోర్డులకూ గట్టిగా అమలు చేస్తే ఈ పోస్టు రాయాల్సిన పని ఉండేది కాదు. అయితే పాత ఇళ్ళలో కొత్త రంగు కింద పాత పొరలు అలాగే ఉన్నాయి. పండగకు రంగులేయించేటప్పుడు గడపలూ గేట్లూ పొడిగా ఉప్పుకాగితంతో రుద్దనివ్వకండి, దుమ్ము లేవకుండా తడిపి రుద్దమనండి. పిల్లల్ని ఆ రోజు అమ్మమ్మ ఇంటికి పంపండి.

ఆస్బెస్టాస్ అనే హానికర పీచు కలిపే సిమెంట్ రేకుల ఊసెత్తితే ఇంకో పోస్టు అవుతుంది. కూకట్‌పల్లిలో ఆస్బెస్టాస్ పేరుతో ఏకంగా కాలనీయే ఉందని మాత్రం గుర్తుచేసి వదిలేస్తా.

అసలు నన్ను కుదిపింది వేరు. చెల్లి ఫ్లాట్లో వడ్రంగి పని చేసిన కుర్రాళ్ళు ఇద్దరు, బీహార్ వాళ్ళు. రెండు నెలలు పగలు అక్కడే ఎండీఎఫ్ కోశారు, రాత్రి ఆ పొట్టు పక్కకు ఊడ్చి అక్కడే పడుకున్నారు. ముక్కుకు కట్టుకున్నది జేబురుమాలు. మనం ఒక్కరోజు పీల్చి ఇంత రాస్తున్నాం.

నా పనికి ఫినాలిక్ జిగురుతో చేసే బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకూ తట్టుకునే) ప్లైవుడ్ పెట్టమన్నా. ఆ జిగురు అంత తేలిగ్గా విడిపోదు, గ్యాస్ చాలా తక్కువ. కంటికి కనిపించని వెనక వైపులకూ, అంచులకూ లామినేట్ వేసి మూసేయమన్నా. గ్రేడు బిల్లు మీద రాసివ్వమన్నా. ఖర్చు పెరిగింది, ఫాల్స్ సీలింగ్ మానేశా. ఫ్యాను తిరగడానికి మామూలు శ్లాబు చాలు.

జ్యేష్ఠంలో పని అయిపోతుంది. పంతులు గారు పంచాంగం చూసి "ఆషాఢం శూన్యమాసం, శ్రావణం దాకా ఆగాలి" అని నొచ్చుకుంటూ చెప్పారు. నేను మాత్రం ఎగిరి గంతేశా. నెలంతా కిటికీలూ వార్డ్‌రోబ్ తలుపులూ బార్లా తీసి పెడతాం. పెద్దత్తకు ఫోన్ చేసి ముందే చెప్పేశా, ఈసారి వాసన రాకపోతే ఏమీ అనుకోవద్దని.